పోతమ్మ ఎదురు

పోతమ్మ ఇంట్లో ఒక అద్దెగది ఉందని కోటవీధిలో అందరికీ తెలుసు. అందులో ఎవరూ ఆర్నెల్లు నిలవరని కూడా తెలుసు. గది మంచిదే. గాలీ వెలుతురూ ధారాళం, కిటికీ తెరిస్తే ఓడల కూతలు మంచం మీదికే వస్తాయి. చిక్కంతా పోతమ్మ నోటితో. ఆవిడ అమ్మే ఎండుచేపల వాసన కంటే ముందు ఆవిడ గొంతు వీధి మలుపు దాకా వెళ్ళి పలకరిస్తుంది. అలాంటి గదిలోకి ఎనభై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో జయశీల అనే పిల్ల దిగిందంటే, "పాపం, ఎన్నాళ్ళుంటాదో" అని వీధి వీధంతా జాలిపడింది.

జయశీలది సబ్బవరం దగ్గర పల్లె. పెళ్ళయి నెల తిరగలేదు. మొగుడు జాన్‌బాబుకి సరుకు ఓడలో, ఇంజను దగ్గర పని. పెళ్ళిపందిరి విప్పారో లేదో ఓడ రమ్మంది, వెళ్ళిపోయాడు. ఎప్పుడు తిరిగొచ్చినా ఈ రేవుకే వస్తాడు కాబట్టి కాపురం విశాఖపట్నంలోనే అనుకున్నారు. అన్న జ్ఞానశేఖర్ పోర్టు దగ్గర వెల్డరు. తన ఒంటిగదిలో చోటు చాలక చెల్లెలికి ఈ గది చూశాడు.

రిక్షాలోంచి పెట్టె దింపుతుంటే పోతమ్మ గుమ్మంలో నిలబడి ఆ పిల్లని కిందినుంచి పైదాకా చూసింది. తెల్లచీర. మెడ బోసి. చేతులకి గాజులు లేవు. నుదుట బొట్టు లేదు. చూస్తూండగానే పోతమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఏటీ అడగనమ్మా," అంది పోతమ్మ, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని. "నువ్వూ ఏటీ సెప్పకు. ఎవులి రాత ఆలది. ఈ ఇల్లు నీదనుకో."

జయశీల పొంగిపోయింది. కులమేమిటని అడగలేదు, ఏ మతమని అడగలేదు, ఇంత పెద్ద మనసు ఎక్కడుంటుంది అనుకుంది. జ్ఞానశేఖర్ కూడా "దేవుడు చూపించిన ఇల్లే" అని స్తోత్రం చెప్పుకుంటూ వెళ్ళిపోయాడు. అసలు సంగతేమిటంటే, పోతమ్మ ఆ పిల్లని మొగుడు పోయినదనుకుంది. పోతమ్మ తెలివైనదే, జయశీలా తెలివైనదే. తెలివైనవాళ్ళిద్దరు ఒకచోట చేరితేనే ఇలాంటి పొరపాటు ఇంత చక్కగా కుదురుతుంది.

పోతమ్మని మాత్రం ఏమంటాం? ఆవిడ ఎరిగిన క్రైస్తవుల ఆడవాళ్ళు రంగుచీరలు కట్టుకుంటారు, మెడలో సిలువ గుర్తున్న తాళి, నల్లపూసలు వేసుకుంటారు, క్రిస్మస్‌కి పూలు కూడా పెట్టుకుంటారు. జయశీల అమ్మా అలాంటిదే. జయశీల మాత్రం పదో తరగతిలో ఉండగా సహవాసం అనే క్రైస్తవ సంఘం వాళ్ళ ప్రార్థన కూటాలకి పోయి, కాలవలో బాప్తిస్మం పుచ్చుకుని, తడిబట్టలతో ఇంటికొచ్చి చెవిదుద్దులు తీసి అమ్మ అరచేతిలో పెట్టింది. అలంకారం లోపల ఉండాలిగాని పైన కాదు. శకునాలూ దిష్టులూ మనకి లేవు. దిక్కు దేవుడొక్కడే. ఇదీ ఆ సహవాసం మాట. అందుకే పెళ్ళిలో తాళి లేదు. పెద్దలు ఇద్దరి తలల మీదా చేతులుంచి ప్రార్థన చేశారు, అంతే. వాళ్ళమ్మ పెళ్ళిభోజనం దగ్గర కూడా ఏడ్చింది.

పోతమ్మ మొగుడు పోర్టులో సరుకు పడవ మీద పనిచేస్తూ నీళ్ళలో పోయాడు. అప్పటికి పోతమ్మ ఇంకా చిన్నదే. పిల్లలు లేరు. అప్పట్నుంచి ఆవిడ బతుకంతా వెనక వసారాలోనే. పొద్దున్నే మొగాళ్ళు పనులకి బయలుదేరే వేళ గుమ్మంలోకి రాదు. ఎవరికైనా ఎదురు పడితే, ఆ పని చెడితే, తిట్టు ఆవిడకి తగులుతుంది. అందుకని వీధి ఖాళీ అయ్యాకే చేపలగంప నెత్తినెట్టుకుంటుంది. బజారు చేరేసరికి మంచి బేరాలన్నీ అయిపోయి ఉంటాయి. అలాంటి మనిషికి, తన నోటికి జడవకుండా నవ్వే పిల్ల, అదీ తనలాంటి తలరాతే ఉన్న పిల్ల దొరికిందంటే, ఇంకేం కావాలి?

"పొద్దున్నే ఈదిలోకి రాకే గుంటా. లోకులు మంచోలు కారు," అనేది పోతమ్మ. మొగాళ్ళ చూపులు మంచివి కావు కాబోలని జయశీల వచ్చేది కాదు. వీధి సద్దుమణిగాక ఇద్దరూ కలిసి కుళాయికి వెళ్ళేవారు. వెనక వసారాలో చేపలు ఏరుకుంటూ కబుర్లు. జయశీల ఎప్పుడైనా "మా ఆయన..." అని మొదలుపెడితే పోతమ్మ నోటిమీద చెయ్యి వేసేది.

"వొద్దమ్మా, తలుసుకోకు. తలుసుకుంటే తిన్న కూడు ఒంటికి అంటదు. నానెరుగుదును."

దూరాన ఉన్న మొగుడి మీద బెంగ పెట్టుకోవద్దంటోంది, ఎంత అనుభవం అనుకుని జయశీల సిగ్గుపడి ఊరుకునేది. అతను రాసే ఉత్తరాలు అన్న ఇంటికి వెళ్ళేవి, ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడే చదువుకుని, నవ్వుకుని వచ్చేది. ఆ నవ్వు చూసి పోతమ్మ, ఏ దేవుడైతేనేం, పిల్లకి ఓదార్పు దొరుకుతోంది అనుకునేది.

ఎదురింటి వరహాలమ్మ కూతురికి ఏడో నెలలో గాజుల వేడుక చేశారు. వీధిలో ఆడవాళ్ళందరికీ బొట్టు పెట్టి పిలిచారు. పోతమ్మ గుమ్మం దగ్గరకొచ్చి మాత్రం ఎవరూ పిలవలేదు. "మనం ఎల్లంలే," అంది పోతమ్మ. పులిహోర మాత్రం గిన్నెలో వచ్చింది. ఇద్దరూ వసారాలో కూర్చుని తింటుంటే, అవతల నవ్వులూ పాటలూ. జయశీలకి గుండె బరువెక్కింది. ఆ బరువులోనే కాస్త గర్వం కూడా. క్రీస్తుని నమ్ముకున్నందుకు నన్ను వెలివేశారు, ఇది నా మొదటి శ్రమ అనుకుంది. ఆదివారం కూటంలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పేసింది. సంఘం అంతా "దేవునికి మహిమ" అంది. ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

అదంతా ఎలా బద్దలైందంటే...

సంక్రాంతి చలి ఇంకా పోలేదు. మొగాళ్ళు పనులకి వెళ్ళాక కూడా కుళాయి దగ్గర రద్దీ తగ్గలేదని జయశీల రెండో వీధికి నీళ్ళకి వెళ్ళింది. అప్పుడే ఒక రిక్షా వచ్చి ఆగింది. అందులోంచి గుబురు గడ్డం, నల్లకళ్ళద్దాలు, భుజాన సంచీతో ఒక మొగాడు దిగి, ఎవర్నీ అడక్కుండా సరాసరి జయశీల గదిలో దూరాడు. పోతమ్మ కళ్ళారా చూసింది. చేతిలో చీపురు ఉండనే ఉంది.

"ఓరి నీ జిమ్మడ! ఆడకూతురు ఒక్కర్తీ ఉన్న గదిలో దూరతావురా!" వీపు మీద ఒకటి పడింది.

"అమ్మా, అమ్మా, ఉత్తరంలో గుర్తులు రాశారండీ, ఇది నా గదేనండీ!"

"నీ గదా? మీ తాత కట్టించినాడేటి?" ఇంకొకటి పడింది.

"జయశీల నా భార్యండీ!"

"సిగ్గునేదేట్రా! ఆ గుంట మొగుడు ఎప్పుడో పోనాడు!"

చేతులు అడ్డం పెట్టుకున్న జాన్‌బాబు ఒక్కసారి ఆగిపోయాడు. నల్లకళ్ళద్దాలు తీశాడు. "నేను ఎప్పుడు పోయానండీ?" అన్నాడు బిక్కచచ్చిపోయి. ఓడలో కబుర్లు ఆలస్యంగా చేరతాయిగాని, మరీ ఈ కబురు తనకే చేరకపోవడం అతనికి అన్యాయంగా తోచింది.

వీధి అంతా మూగింది. అంతలో బిందెతో జయశీల వచ్చింది. ఆ గడ్డాన్ని చూసింది, బిందె వదిలేసింది, "ఏవండీ!" అని వీధి మధ్యలో అందరూ చూస్తుండగానే పరిగెత్తింది. నీళ్ళలో కాలు జారి సరిగ్గా అతని మీదే పడింది. మలుపులో కొట్టున్న నజీర్ అహ్మద్ "సుభానల్లా" అని గల్లాపెట్టె వదిలి వచ్చేశాడు. వీధి వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

నవ్వనిది పోతమ్మ ఒక్కతే.

"నీకు మొగుడున్నాడా?" అంది.

"ఉన్నారు పెద్దమ్మా. ఇదిగో."

"బతికే ఉన్నాడు. మరి ఇదేటే?" అని జయశీల నుదురు చూపించింది, మెడ చూపించింది. జవాబు కోసం ఆగలేదు. చీపురు అక్కడే పడేసి, లోపలికెళ్ళి తలుపేసుకుంది.

తర్వాత రోజుల్లో పోతమ్మ ఒక్కతే కుళాయికెళ్ళింది, ఒక్కతే చేపలు ఏరుకుంది. ఎక్కువ బాధేమిటంటే తిట్టడం కూడా మానేసింది. వరహాలమ్మే వచ్చి విషయమంతా విప్పి చెప్పింది. "నిన్ను మొగుడు నేనిదానివనుకున్నామే అమ్మీ. నేపోతే గాజులేడుకకి పిలవకుండా ఉంటామేటి? మీ యేసుబాబుతో మాకేటి తగువు?"

జయశీలకి అప్పుడు వెలిగింది. తనని వెలివేసింది క్రీస్తు కోసం కానే కాదు. సంఘం ముందు నిలబడి తను చెప్పుకున్న శ్రమ, పోతమ్మ ఏళ్ళతరబడి పడుతున్న శ్రమ. తను దాన్ని ఒక్కరోజు మోసి సాక్ష్యం చెప్పింది. ఆవిడ రోజూ మోస్తూ చేపలమ్ముకుంటోంది. ఆ సిగ్గుతోనే వెళ్ళి పోతమ్మ తలుపు తట్టింది.

పోతమ్మ తలుపైతే తీసింది గాని లోపలికి రమ్మనలేదు.

"నా బొట్టు నాను తుడుసుకోనేదే. నలుగురు పట్టుకుని తుడిసినారు. గాజులు బద్దలు కొడితే ఈ సెయ్యి తెగి రగతం కారింది. ఇదిగో, సూడు, మచ్చ. నా దగ్గర్నుంచి లాగేసుకున్నవన్నీ నువ్వు నీ సేత్తో తీసి అవతల పెట్టీసి నవ్వుతా తిరుగుతన్నావు. నీ పక్కన కూకుని నాను ఏడిసిన ఏడుపు ఏటయిపోవాలి?"

"పెద్దమ్మా, నేను నిన్ను వెక్కిరించడానికి కాదు..."

"తెలుసు. నీకా బుద్ధి నేదు. అదే నా కరమ." గొంతు తగ్గింది. "నా మొగుడూ నీటి మీద పోనోడే జయమ్మా. ఆడిదీ అచ్చం ఇలాంటి నవ్వే. నీ మొగుడు మళ్ళీ ఓడెక్కేలోగా నుదుట బొట్టయినా పెట్టు, నేదా గదైనా కాళీ సెయ్యి. ఆడికేదన్నా అయితే ఇంకోపాలి సూడ్డానికి నాకు కళ్ళు నేవు."

కోపమైతే జయశీల తట్టుకునేది. ఇది ప్రేమ. దీన్ని ఎలా తట్టుకోవాలో ఏ కూటంలోనూ చెప్పలేదు.

జాన్‌బాబుకి ఇదంతా పెద్ద విషయంలా తోచలేదు. "చిన్న చుక్కే కదా జయా. ముసలమ్మ మనసు కుదుటపడుతుంది. దేవుడు నుదురు చూస్తాడా, హృదయం చూస్తాడా?"

"హృదయమే చూస్తాడు."

"మరింకేం?"

"బొట్టుంటే మీరు బతుకుతారు, లేకపోతే పోతారు అని ఒప్పుకునే కదండీ పెట్టుకోవడం? ఆ మాట నా హృదయంలో లేదు. లేనిదాన్ని నుదుట పెట్టుకుని తిరగమంటారా?"

ఇంజనైతే ఎక్కడ నూనె పోయాలో అతనికి తెలుసు. గడ్డం గీసుకోవడానికి లేచాడు.

ప్రయాణం వారంలోకి వచ్చింది. వరహాలమ్మ తన కుంకుమ భరిణె తెచ్చి చేతిలో పెట్టి వెళ్ళింది. జయశీల అద్దం ముందు కూర్చుంది. వేలు కుంకుమ దాకా వెళ్ళింది కూడా, ఎందుకు దాచాలి? గది పోతుంది, అది సరే, ఇంకో గది దొరుకుతుంది. పోతమ్మ పోతుంది, ఇంకో పోతమ్మ ఎక్కడ దొరుకుతుంది? ఒక్క చుక్క పెట్టుకుంటే వీధి ఆడవాళ్ళందరూ రేపే పేరంటానికి పిలుస్తారు. తను వెళ్తుంది. వెనక వసారాలో పులిహోర గిన్నెతో పోతమ్మ మాత్రం మళ్ళీ ఒక్కతే మిగులుతుంది.

ఆ మాట తోచగానే వేలు వెనక్కి వచ్చింది. ఇన్నాళ్ళూ తను బొట్టు లేకుండా ఉన్నది తన కోసమే, తన దేవుడికి తను ఇచ్చిన మాట కోసమే. శకునాలు లేవని నోటితో చెప్పింది, పాడింది, సాక్ష్యమిచ్చింది. ఆ మాట నిజమైతే పోతమ్మ తలుపు వెనక దాక్కోవాల్సిన పని ఏమిటి? భరిణె మూతపెట్టి వరహాలమ్మకి తిరిగిచ్చేసింది.

బయలుదేరే పొద్దున రిక్షా వచ్చి నిలబడింది. వీధి మర్యాద ప్రకారం వరహాలమ్మ పెద్ద బొట్టు పెట్టుకుని, నిండుబిందె చంకనెట్టుకుని, ఎదురు రావడానికి మలుపులో సిద్ధంగా ఉంది. జయశీల మెడ బోసిగా ఉన్నా మొగుడి కోసం కనీసం మంచి ఎదురైనా ఉండాలని ఆవిడ తాపత్రయం. పోతమ్మ తలుపు ఎప్పటిలాగే మూసి ఉంది.

జాన్‌బాబు సంచీ భుజాన వేసుకున్నాడు. జయశీల అడ్డం నిలబడి, "కాసేపు కూర్చోండి" అంది. వెళ్ళి ఆ తలుపు తట్టింది.

"పెద్దమ్మా, ఆయన బయలుదేరుతున్నారు. నువ్వు ఎదురు రావాలి."

లోపల్నుంచి ఒకేసారి గొంతు పేలింది. "నీకు మతి పోనాదేటే! నానా? నాను ఎదురా!"

"నువ్వు ఎదురొస్తేగాని ఆయన గడప దాటరు."

ఈ సంగతి జాన్‌బాబుకి అప్పుడే తెలిసింది. పెళ్ళాం ముఖం చూశాడు. అరుగు మీద చతికిలబడి, సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. "అమ్మా, ఓడ నాకోసం ఆగదు. మీ ఇష్టం," అన్నాడు తలుపు వైపు తిరిగి.

"బావూ, ఓడ ఎల్లిపోద్ది, బేగి రండి!" అని రిక్షావాడు గంట కొట్టాడు. "ఇదేటి ఇడ్డూరం! నా సంక పడిపోతంది!" అని మలుపులోంచి వరహాలమ్మ కేకేసింది.

జయశీల తలుపుకి నోరు ఆనించి మాట్లాడింది. "ఇన్ని నెలలుగా పొద్దున లేస్తే నేను చూసేది నీ మొహమే. నాకేం చెడు జరిగింది పెద్దమ్మా? కడుపునిండా తిన్నాను, కడుపుబ్బ నవ్వాను. నీ మొహం చూసి వెళ్ళినవాడికి కీడు జరుగుతుందని నేనూ అనుకుంటే ఇంక నా దేవుడెందుకు, నా తెల్లచీర ఎందుకు?"

"ఆడికేదన్నా అయితే?"

ఆ మాటకి జయశీల, అరుగు మీద ఒళ్ళో సంచీతో కూర్చున్న మొగుణ్ణి ఒకసారి తిరిగి చూసింది. "ఏదైనా అయితే నీ వల్ల అనను. ఎవర్నీ అననివ్వను," అంది.

గడియ తీసిన చప్పుడైంది. పోతమ్మ బయటికి వచ్చింది. చీరకొంగు రెండు చేతులతో పట్టుకుని, తప్పుచేసిన పిల్లలా తలొంచుకుని మెట్టు దిగింది. వీధిలో అంతమంది మొగాళ్ళ ముందుకి ఆ వేళప్పుడు ఆవిడ వచ్చి ఎన్నేళ్ళయిందో. జాన్‌బాబు లేచి, ఎదురుగా వెళ్ళి తలొంచాడు. ఆవిడ చెయ్యి తనే తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. వాళ్ళ సహవాసంలో పెద్దలు దీవించే పద్ధతి అదే.

"ఎల్లి రా నాయినా," అంది పోతమ్మ. "సల్లగా ఎల్లి, సల్లగా రా. వచ్చేటప్పుడు ఆ గెడ్డం మాత్రం ఒద్దు."

రిక్షా కదిలింది. వరహాలమ్మ బిందెడు నీళ్ళూ మలుపులోనే గుమ్మరించి, విసవిసా ఇంట్లోకి పోయింది.

గది ఖాళీ చెయ్యమన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పోతమ్మ తిట్లు మళ్ళీ మొదలయ్యాయి. ఎంత హాయిగా ఉందో జయశీలకి!

దసరాలు దాటాక వాన పట్టింది. సముద్రం రంగు మారింది. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. జాన్‌బాబు ఓడ కలకత్తా నుంచి ఆ వారమే రావాలి. నజీర్ అహ్మద్ కొట్లో రేడియో చుట్టూ జనం. జ్ఞానశేఖర్ పోర్టులో కనుక్కొచ్చి, ఓడ జాడ ఇంకా తెలియలేదని గొణిగాడు. ఆ రోజు కుళాయి దగ్గర వరహాలమ్మ ఉండబట్టలేకపోయింది.

"ఎదురొచ్చింది ఎవులని! మనం సెప్పినాం కాదేటి!"

పోతమ్మ అక్కడే ఉంది. బిందె నిండకుండానే ఎత్తుకుంది. జయశీల తన బిందె కింద పెట్టి ఎదురు నిలబడింది.

"వరహాలత్తా, ఎదురు రమ్మని బతిమాలింది నేను. అనాలంటే నన్ను అను. గాలివాన దేవుడి చేతిలో ఉంది. పెద్దమ్మ మొహంలో లేదు."

అందరి ముందూ అలా అనేసింది గాని, గదిలోకొచ్చి తలుపేసుకోగానే కూలబడిపోయింది. "ప్రభువా, నా మొండితనానికి ఆయన్ని తీసుకుపోకు" అని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడ్చి తలెత్తి చూస్తే వసారా గుమ్మంలో పోతమ్మ. ఎప్పుడొచ్చిందో తెలీదు. పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు.

"నీ దేవుడికి నా తరపున కూడా ఓ మాట సెప్పవే."

"నువ్వే చెప్పు పెద్దమ్మా. వింటాడు."

పోతమ్మ పక్కనే కూలబడింది. చేతులెలా పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని, కప్పు వైపు చూసి, కాస్త గట్టిగానే మొదలుపెట్టింది. అంత దూరం వినపడాలి కదా.

"బావూ, నన్ను నువ్వెరగవు. పోతమ్మని. కోటీదిలో ఉంతాను, ఎండుసేపలు అమ్ముతాను. నిన్నెప్పుడూ ఏటీ అడగనేదు. ఆ గుంటడికి ఏటన్నా అయితే తప్పు నాదంతారు. అనుకోనీ, నాకలవాటే. కానీ ఈ పిల్ల నలుగురిలో మాటన్నాది. దీని మాట పోనీకు."

జయశీల ఎన్నో కూటాల్లో ఎందరో పెద్దల ప్రార్థనలు విన్నది. ఇలాంటిది వినలేదు. ఆమెన్ అనడం కూడా మరిచిపోయి, ఆవిడ భుజమ్మీద తలపెట్టుకుంది. వాన పెంకుల మీద మోగుతుంటే ఇద్దరూ అలాగే కూర్చున్నారు. పోతమ్మ చేత అన్నం తినిపించడానికి తనూ తినాల్సి వచ్చింది.

వాన వెలిసిన రెండో రోజు పొద్దున, వీధి మలుపులో పోతమ్మ కేక వినపడింది. అది తిట్టో ఏడుపో ఎవరికీ అర్థం కాలేదు. జయశీల పరిగెత్తి చూస్తే, గంపలో చేపలన్నీ వీధిలో పారబోసుకుని, ఖాళీ గంపతో పోతమ్మ జాన్‌బాబు వీపు మీద బాదుతోంది.

"ఎక్కడ సచ్చినావురా ఇన్నాళ్ళూ! ఓలమ్మోలమ్మ, ఒచ్చినాడే! సూడండ్రా, నా కొడుకు ఒచ్చినాడు!"

"పారాదీపులో లంగరేసుకుని కూర్చున్నాం అమ్మా! గాలి తగ్గేదాకా కదలనివ్వలేదు!" అతను దెబ్బలు కాసుకుంటూనే నవ్వుతున్నాడు. గడ్డం నున్నగా గీసి ఉంది. జయశీల ఈసారి జారలేదు. నిలబడి, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి అతన్ని చూస్తూ సంతోషంతో ఏడ్చింది. వీధి వీధంతా చేపలు ఏరి గంపలో వేసింది. కాకులు తిన్నవి పోగా.

కథ ఇక్కడితో అయిపోతే జయశీలకి హాయిగా ఉండేది. కోటవీధి ఊరుకుంటేనా!

గాజువాక అవతల ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. వరహాలమ్మ అల్లుడికి అక్కడ ఇంటర్వ్యూకి రమ్మని పిలుపొచ్చింది. ఆ ముందు సాయంత్రం వరహాలమ్మ ఒక గిన్నెడు పులిహోర పట్టుకుని, తలొంచుకుని పోతమ్మ గుమ్మం ఎక్కింది.

"వదినా, నానన్న మాటలు మనసులో ఎట్టుకోకు. రేపు మా అల్లుడు బయల్దేరతాడు. అంత గాలివానలోంచి ఆ జాన్‌బాబుని ఒడ్డుకేసినావు. మావోడికి కూడా నువ్వే ఎదురు రావాల."

పోతమ్మ వెళ్ళింది. అల్లుడికి పని దొరికింది. ఇంకేముంది! పరీక్షలకెళ్ళే పిల్లలు, బేరానికెళ్ళే మొగాళ్ళు, పెళ్ళిచూపులకెళ్ళే కుర్రాళ్ళు, తెల్లారేసరికి పోతమ్మ గుమ్మం ముందు. నజీర్ అహ్మద్ సైతం మద్రాసు సరుకుకి వెళ్తూ ఆ సందులోంచే చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాడు. అడిగితే దగ్గరి దారి అన్నాడు.

జయశీల నెత్తి కొట్టుకుంది. ఒక రోజు పొద్దున్నే, ఎవరి కోసమో హడావిడిగా ముడి వేసుకుంటున్న పోతమ్మని గుమ్మంలోనే ఆపేసింది.

"పెద్దమ్మా, ఇదేం పని? శకునాలే లేవని కదా నిన్ను ఆ రోజు రమ్మన్నది! చెడు శకునం లేదంటే మంచి శకునమూ లేదనే కదా! ఆయన్ని తెచ్చింది దేవుడు. నువ్వైనా వాళ్ళకి చెప్పొద్దా?"

పోతమ్మ జుట్టుముడి గట్టిగా బిగించి, జయశీల వైపు చూసింది. ఆ కళ్ళలో కోపం లేదు, కొంటెతనం ఉంది, దానికింద ఇంకేదో ఉంది.

"ఇన్నేళ్ళూ నా మొగం సెడ్డదన్నారు. ఈదిలో ఒక్కరంటే ఒక్కరు కాదననేదు. ఇప్పుడు మంచిదంతన్నారు. కొన్నాళ్ళు అననియ్యవే అమ్మీ, తరవాత సెపుదువుగాని నీ వాక్యం."

జయశీల వాక్యం కోసం వెతుక్కుంది. ఆదికాండం నుంచి ప్రకటన దాకా ఒక్కటంటే ఒక్కటి తోచలేదు. నవ్వు మాత్రం తన్నుకొచ్చింది, దాంతోపాటు కన్నీళ్ళూ వచ్చాయి.

"తప్పుకో, పొద్దెక్కుతంది. గుంటడు ఎదురు సూత్తన్నాడు," అంది పోతమ్మ.

జయశీల పక్కకి తప్పుకుంది.